విమానాల పెద్దాయన పోయాక: ఆయన పెట్టెలు, ఫొటోలు, సంస్మరణ సభ

ఊళ్లో పాత విమానాల చరిత్ర పట్టించుకునేవాళ్లు ఎప్పుడూ కొద్దిమందే. వాళ్లను కూడగట్టి సంఘం పెట్టిన మనిషి పోయినప్పుడు సభ జరపడం, ఫొటోకు దండ వేయడం, నాలుగు మంచి మాటలు చెప్పడం అందరికీ తట్టేదే, చేయాల్సిందే. అయితే ఆయన్ని నిలబెట్టేది ఆయన పోగుచేసిన సమాచారం. ఫొటో వెనక ఏమీ రాసి ఉండదు. రెక్క పక్కన నిలబడ్డ నలుగురు ఎవరో ఆయనకు తెలుసు, ఆయన తోటివాళ్లలో ఒకరిద్దరికి తెలుసు. ఆ ఒకరిద్దరి వయసూ ఎనభై దాటి ఉంటుంది. అందుకే పేర్లు, చోట్లు, సంవత్సరాలు రాసుకోవడం మొదటి పని. పుస్తకం, సభ, ప్రదర్శన దాని తర్వాతే.

ఇక్కడ చెప్పేదంతా నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాతావరణాన్నీ, ఇక్కడి సేకరణల్లో మామూలుగా దొరికే సామాన్లనీ దృష్టిలో పెట్టుకుని రాసింది. దొనకొండ పాత ఏరోడ్రోము ఫొటోలు, మద్రాసు మీనంబాకం విమానాశ్రయంలో ఉద్యోగం చేసినవాళ్ల కాగితాలు, వైమానిక దళం నుంచి వచ్చినవాళ్ల డిశ్చార్జి పుస్తకాలు, శ్రీహరికోట రాకెట్ల పేపర్ కటింగులు, ప్లాస్టిక్ మోడల్ విమానాలు సాధారణంగా కనిపిస్తాయి.

పెద్దకర్మ లోపల

మొదటి ప్రమాదం చెదలతో కాదు, ఇల్లు సర్దడంతో. పెద్దకర్మకు చుట్టాలొస్తారని గది ఖాళీ చేస్తారు, సున్నం వేయిస్తారు, పాత కాగితాలు తూకానికి పోతాయి. నెగటివ్‌ల డబ్బా చూస్తే పనికిరాని ప్లాస్టిక్‌లాగే ఉంటుంది. కాబట్టి పలకరింపుకు వెళ్లినప్పుడే, సంఘంలో ఆ ఇంటికి బాగా తెలిసిన ఒక్కరు మాత్రం, ఒక్క మాట చెప్పి రావాలి: "అమ్మా, సార్ గది మాత్రం అట్టానే ఉండనీయండి. కార్యం అయినాక మేమొచ్చి మీ ముందరే చూస్తాం. మీరు చెప్పకుండా ఒక్క కాగితం కూడా బయటికి తీసకపోం." అంతకంటే ఎక్కువ ఆ రోజు మాట్లాడకూడదు. గది ఖాళీ చేయక తప్పదంటే, సామాన్లను విడదీయకుండా, ఏ అరలోవి ఆ అరలోవే అట్టపెట్టెల్లో పెట్టి, పెట్టె మీద "బీరువా, పై అర", "మంచం కింద ట్రంకు" అని రాయమని అడగండి. ఆయన పక్కపక్కన పెట్టుకున్న కాగితాలకు ఒకదానితో ఒకటి సంబంధం ఉంటుంది. పేరు లేని ఫొటో ఎవరిదో చాలాసార్లు పక్కనున్న ఉత్తరమే చెబుతుంది.

క్రైస్తవ కుటుంబమైతే ఆదరణ కూడిక అయ్యేదాకా, ముస్లిం కుటుంబమైతే నలభయ్యో రోజు గడిచేదాకా ఆగండి. ఏ ఇంట్లోనైనా పెద్దకొడుకుతోనో అల్లుడితోనో మాట్లాడి సరిపెట్టకుండా, ఆయన భార్య ఒప్పుకున్నాకే పెట్టె తెరవాలి. ఆ సామాను ఇన్నేళ్లూ కాపాడింది ఎక్కువగా ఆమే.

మొదటిరోజే ఒక కాగితం రాసుకోవాలి. తెల్లకాగితం మీద రెండు ప్రతులు చాలు. మూడింటిలో ఏది జరుగుతోందో స్పష్టంగా ఉండాలి: సామాను సంఘానికి ఇచ్చేస్తున్నారా, స్కానింగ్‌కు ఇచ్చి వెనక్కి తీసుకుంటారా, ఇంట్లోనే ఉంచి నకళ్లకు అనుమతిస్తున్నారా. దానికింద వాటిని అచ్చు వేయడానికి, నెట్లో పెట్టడానికి అనుమతి ఉందా లేదా అన్నది వేరే వాక్యంగా రాయాలి. సామాను ఇవ్వడం వేరు, హక్కు ఇవ్వడం వేరు. ఆయన తీసిన ఫొటోల మీద, రాసిన వ్యాసాల మీద కాపీరైటు ఆయన పోయిన తర్వాతి జనవరి 1 నుంచి 60 ఏళ్లపాటు వారసులది. స్టూడియోవాళ్లో స్నేహితులో తీసిన ఫొటోలు ఆయన పెట్టెలో ఉన్నంత మాత్రాన ఆయనవి కావు. వాటికి పట్టికలో "తీసినవారు వేరు" అని గుర్తు పెట్టండి. వారసులు ఒకరికంటే ఎక్కువుంటే అందరి సంతకాలూ తీసుకోవాలి. ఏడాది తర్వాత అన్నదమ్ముల మధ్య మాట తేడా వచ్చి మొత్తం సేకరణ తాళం వెనకాల పడే పరిస్థితి ఈ ఒక్క జాగ్రత్తతో తప్పుతుంది.

తెరిచేముందు

పాత విమానాల సామాన్లలో చేత్తో తాకకూడనివి ఉంటాయి. యుద్ధకాలపు దిక్సూచి, ఎత్తు చూపే మీటరు, గడియారం వంటివాటి అంకెలు, ముళ్లు చీకట్లో కనపడాలని రేడియం కలిపిన రంగు పూసేవారు. ఇప్పుడు వెలగకపోయినా ప్రమాదం పోయినట్టు కాదు. వెలిగే పదార్థం ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది గానీ రేడియం సగం తగ్గడానికే 1,600 ఏళ్లు పడుతుంది. అలాంటి మీటరు అద్దం విప్పవద్దు, రంగు గీకవద్దు, తుడిచి మెరిపించవద్దు. పొడి రాలి ఊపిరితో లోపలికి పోవడమే అసలు హాని. అద్దం పగలకుండా ఉంటే మందపాటి జిప్ కవరులో, ఆపైన డబ్బాలో పెట్టి, "రేడియం డయల్, తెరవరాదు" అని రాసి, జనం కూర్చునే గదికి దూరంగా ఉంచండి. సభలో ప్రదర్శించాలంటే దాని ఫొటో చాలు.

తూటాలు, ఫిరంగి గుళ్ల ఖాళీ గొట్టాలు దొరికితే ఖాళీవో కావో మీరు తేల్చకండి. ఉన్నచోటే ఉంచి పోలీస్ స్టేషన్‌కు ఫోన్ చేయండి.

ఫిల్ము విషయంలో ముక్కుకు పని చెప్పాలి. వెనిగర్ వాసన వస్తే అది పాడవుతున్న అసిటేట్ ఫిల్ము. దాన్నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి పక్కనున్న మంచి ఫిల్మునూ చెడగొడుతుంది కాబట్టి వెంటనే వేరు చేసి, ముందుగా దాన్నే స్కాన్ చేయాలి. 1951కి ముందువైతే నైట్రేట్ ఫిల్ము అయ్యే అవకాశం ఉంది. అది తేలిగ్గా అంటుకుంటుంది, అంటుకుంటే ఆరదు. గోధుమరంగుకు తిరిగి జిగటగా, పొడిపొడిగా ఉన్న ఫిల్మును ఎండలో గాని, మూసిన కారులో గాని పెట్టవద్దు. స్కానర్ దీపం వేడి కూడా దానికి మంచిది కాదు. కెమెరాతో ఫొటో తీసుకోవడం మేలు.

"రహస్యం" ముద్ర ఉన్న సర్కారీ కాగితాలు, శ్రీహరికోట షార్ కేంద్రం లోపల తీసినవాటిలా కనిపించే ఫొటోలు ఉంటే స్కాన్ చేయకుండా, ఫోన్లో పంపకుండా పక్కన పెట్టండి. 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఇంకా అమల్లో ఉంది. పెద్దాయన పేరు మీద కుటుంబానికి చిక్కు తెచ్చిపెట్టకూడదు.

నంబరు, ఆపైన వివరం

ప్రతి వస్తువుకీ ఒక నంబరు. పెట్టె నంబరు, కవరు నంబరు, వస్తువు నంబరు, అంతే: 02-05-013. వర్గాలు, విషయాలు నంబరులో ఇరికించవద్దు. "దొనకొండ" అనుకుని నంబరిచ్చిన ఫొటో రేపు కడపదని తేలితే మొత్తం వరుస మార్చాల్సి వస్తుంది. నోటుబుక్కులో గాని ఎక్సెల్‌లో గాని గడులు ఇవి: నంబరు, ఏమిటి, ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, తీసినవారు, వెనక రాసి ఉన్నది ఉన్నట్టుగా, ఈ వివరం ఎవరు చెప్పారు, ఏ రోజు చెప్పారు. చివరి రెండు గడులు లేని పట్టికను ఆరునెలల తర్వాత ఎవరూ నమ్మలేరు.

ఫొటో వెనక రాయాల్సివస్తే మెత్తటి 2బి పెన్సిల్‌తో, అద్దం మీదో గ్రానైట్ పలక మీదో బోర్లించి, అంచు దగ్గర, నొక్కకుండా నంబరు మాత్రమే వేయండి. బాల్‌పెన్ గీత ముందువైపుకు ఉబుకుతుంది, సిరా పక్క ఫొటోకు అంటుకుంటుంది. పెన్సిల్ పట్టని ప్లాస్టిక్ కాగితమైతే నంబరు కవరు మీద రాయండి. స్టిక్కర్లు, సెల్లోటేపు, లామినేషన్ మూడూ వద్దు. లామినేట్ చేసినదాన్ని మళ్లీ విప్పలేం.

1970ల, 80ల జిగురు పేజీల ఆల్బమ్‌ల నుంచి ఫొటోలు ఊడదీసేటప్పుడు గోరుతో లాగితే మూల చిరుగుతుంది. పళ్లు శుభ్రం చేసుకునే సన్నదారం ఒకటి తీసుకుని ఫొటోకూ పేజీకీ మధ్య రంపంలా నెమ్మదిగా అటూ ఇటూ లాగితే చాలావరకు వచ్చేస్తుంది. రాకపోతే బలవంతం చేయకుండా పేజీ మొత్తం స్కాన్ చేసి వదిలేయండి. ఊడదీసేముందు ప్రతి పేజీనీ ఫోనుతో ఒక ఫొటో తీసుకోవడం మరవకండి, వరుస పోకుండా ఉంటుంది.

తేదీ లేని ఫొటోకు తేదీ కట్టడం

అన్నిటికంటే ఎక్కువ ఓపిక పట్టేది ఇదే. పెద్దాయన బతికుండగా చేసిన పని కూడా చాలావరకు ఇదే అయి ఉంటుంది.

విమానం మీది గుర్తుతో మొదలుపెట్టండి. సైనిక విమానమైతే గుండ్రటి గుర్తు చూడాలి. రెండో ప్రపంచ యుద్ధంలో ఆగ్నేయాసియా వైపు ఎగిరిన బ్రిటిష్, భారత విమానాలకు మధ్యలోని ఎర్రచుక్క తీసేశారు, జపాను గుర్తుగా పొరబడకుండా. అలాంటి ఫొటో 1942 తర్వాత, యుద్ధకాలానిది. అశోకచక్రం గుర్తుంటే స్వాతంత్ర్యం తర్వాత, 1950 గణతంత్రానికి ముందు. మూడు వన్నెల వలయాలుంటే 1950 నుంచి ఇటుది. కాగితాల్లో "రాయల్ ఇండియన్ ఎయిర్ ఫోర్స్" అని ఉంటే 1945 మార్చికీ 1950 జనవరి 26కీ మధ్య. "రాయల్" అన్న బిరుదు ఉన్నది ఆ కాలంలోనే. సివిల్ విమానాల మీద మన దేశానికి గుర్తుగా ఉండే "వీటీ" అక్షరాలతో ఏమీ తేలదు, అవి బ్రిటిష్ కాలం నుంచీ ఉన్నవే. కంపెనీ పేరు మాత్రం పనికొస్తుంది. "టాటా ఎయిర్‌లైన్స్" అని ఉంటే 1946కు ముందు, ఆ ఏడాదే అది ఎయిర్ ఇండియా అయింది. "డెక్కన్ ఎయిర్‌వేస్" అని ఉంటే 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలవడానికి ముందు. "ఇండియన్ ఎయిర్‌లైన్స్" పేరు 1953 ఆగస్టు 1 నుంచి.

విమానం రకం కింది హద్దు చెబుతుంది. హెచ్‌ఏఎల్ తయారుచేసిన హెచ్‌టీ-2 అనే శిక్షణ విమానం మొదట ఎగిరింది 1951లో, ఫ్లయింగ్ క్లబ్బుల పుష్పక్ 1958లో. పుష్పక్ పక్కన నిలబడ్డ ఫొటోకు "1955" అని ఎవరు రాసినా తప్పే. డకోటాతో ఈ లెక్క నడవదు. అది యుద్ధం ముందు నుంచి ఎగిరి దశాబ్దాలు నిలిచింది.

ఉత్తరాలు, కవర్లు ఇంకా కచ్చితంగా చెబుతాయి. అణాల తపాలా బిళ్ల అంటే 1957 ఏప్రిల్ 1కి ముందు ముద్రించింది. "నయా పైసా" అని ఉంటే 1957–64 మధ్య ముద్రించింది, కాకపోతే పాత బిళ్లలు కొన్నాళ్లు వాడతారు కాబట్టి పోస్టు ముద్రతో సరిచూడాలి. చిరునామాలో ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతిది. జిల్లా పేరూ ఆధారమే. "ఒంగోలు, గుంటూరు జిల్లా" అంటే 1970 ఫిబ్రవరికి ముందు. "ఒంగోలు జిల్లా" అన్న పేరు 1970 నుంచి 1972 చివరిదాకే నడిచింది, ఆపైన ప్రకాశం. కందుకూరు ఒకప్పుడు నెల్లూరు, 1970 నుంచి ప్రకాశం, 2022లో మళ్లీ నెల్లూరులో చేరింది. అందుకని ఇప్పుడు మీరు రాసే వివరంలో "అప్పటి" అన్న మాట తప్పకుండా చేర్చండి: "సూళ్లూరుపేట, అప్పటి నెల్లూరు జిల్లా". 2022 విభజన తర్వాత సూళ్లూరుపేట, శ్రీహరికోట తిరుపతి జిల్లాలో ఉన్నాయి. ఇరవై ఏళ్ల తర్వాత చదివేవాడు తికమకపడకూడదు.

వెనకాల తెలుగు సంవత్సరం పేరు రాసి ఉంటే అరవై ఏళ్లకోసారి తిరిగొస్తుందని గుర్తుంచుకోండి. శుభకృత్ అంటే 1962–63 కావచ్చు, 2022–23 కూడా కావచ్చు. ఫొటో చూస్తే ఈ రెంటి మధ్య అనుమానం రాదు గానీ, ఎత్తి రాసిన నోటుబుక్కులో మాత్రం పొరబాటు జరుగుతుంది.

ఏదీ తేలకపోతే "1953–58 మధ్య" అని హద్దులు వేసి, ఎందుకలా వేశారో ఒక్క వాక్యం రాయండి. అంచనాను తేదీగా రాయడం మాత్రం వద్దు. ఒకసారి అచ్చులో పడితే దాన్ని ఇంకెవరూ తిరిగి పరీక్షించరు.

స్కానింగ్

పోస్టుకార్డు సైజు ఫొటోలకు 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు), రెండంగుళాల చిన్న ఫొటోలకు 1200, 35 మిల్లీమీటర్ల నెగటివ్‌లకు 3200. నాలుగు బై ఆరు అంగుళాల ఫొటో 600 దగ్గర 2400 బై 3600 చుక్కలవుతుంది. దాన్ని 12 బై 18 అంగుళాల ప్రదర్శన ఫొటోగా వేసినా అంగుళానికి 200 చుక్కలు మిగులుతాయి, చక్కగా వస్తుంది. అసలు ప్రతి, కుదించని ఫైలు రకమైన టిఫ్‌లో ఉంచి, పంచుకోవడానికి జేపెగ్ తీయండి. రంగులో ఆ సైజు టిఫ్ ఒక్కొక్కటి సుమారు 26 ఎంబీ, వెయ్యి ఫొటోలకు 26 జీబీ. నలుపు తెలుపు ఫొటోలను కూడా రంగులోనే స్కాన్ చేయండి, పసుపు మరకలు, సిరా రాతలు విడిగా తెలుస్తాయి. వెనకవైపు రాత ఉంటే వెనక కూడా. స్కానర్‌లో "దుమ్ము తొలగింపు", "పదును" వంటివన్నీ ఆపేయాలి. అవి విమానం తోక మీది చిన్న నంబరును దుమ్ముగా భావించి చెరిపేస్తాయి. ఇప్పుడు ఫోన్లలో వచ్చే "మెరుగుపరిచే" యాప్‌లు ముఖాలనే మార్చేస్తాయి, దగ్గరకు రానివ్వకండి.

వాట్సాప్‌లో వచ్చిన ఫొటోను అసలు ప్రతిగా దాచుకోవద్దు, అది కుదించింది. పంపేవాళ్లను డాక్యుమెంట్‌గా పంపమనండి.

మూడు ప్రతులు ఉండాలి. రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లో, ఒకటి వేరే ఊళ్లో గాని క్లౌడ్‌లో గాని. నెల్లూరులో రెండిళ్లలో పెడితే రెండు చోట్లు అయినట్టు కాదు, వరద రెండిళ్లకూ వస్తుంది. ఎస్‌ఎస్‌డీని (చిప్పులతో చేసిన, తిరగని డిస్కును) కరెంటు ఇవ్వకుండా ఏళ్ల తరబడి బీరువాలో పెట్టవద్దు, అందులోది మెల్లగా పోతుంది. ఈ పనికి మామూలు తిరిగే హార్డ్ డిస్కే మేలు.

క్యాసెట్‌లు దొరికితే ముందు పైఅంచున ఉన్న రెండు చిన్న ప్లాస్టిక్ పలకలు విరిచేయండి, పొరపాటున దానిమీదే రికార్డు కాకుండా. ఒకసారి చివరిదాకా, మళ్లీ మొదటికి తిప్పి, ప్లేయరు హెడ్‌ను ఐసోప్రొపిల్ ఆల్కహాల్ అద్దిన దూదితో తుడిచి, అప్పుడు ఎక్కించుకోవాలి. పెద్దాయన గొంతు అందులో ఉండే అవకాశం ఉంది. సభకు దానికంటే విలువైనది ఏదీ దొరకదు.

మన ఉప్పుగాలిలో దాచడం

ఈ తీరానికి వాన ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలతో, తుపాన్లతో వస్తుంది. పెట్టెలు సర్దే పని ఆ నెలల్లో పెట్టుకోకండి. గాలిలో తేమ ఉన్నప్పుడు గాలి చొరని డబ్బాలో మూసేస్తే ఆ తేమనే లోపల బంధించినట్టవుతుంది, బూజు అక్కడే మొదలవుతుంది. జనవరి చివర, ఫిబ్రవరిలో, పొడి రోజు చూసి సర్దండి. ఇరవై లీటర్ల డబ్బాకు 200 నుంచి 400 గ్రాముల సిలికా జెల్, తేమ చూపే చిన్న డిజిటల్ మీటరు లోపల పెట్టండి. 35 నుంచి 50 శాతం మధ్య ఉంటే మంచిది. గింజల రంగు మారగానే ఓవెన్‌లో 110–120 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు.

నాఫ్తలీన్ గోళీలు పెట్టవద్దు. ప్లాస్టిక్ మోడల్ విమానాలు పాలిస్టైరీన్‌తో చేసినవి, ఆ ఆవిరికి అవి మెత్తబడి, జిగటబడి, ఆకారం పోతాయి. మోడళ్లున్న అల్మారాలో బట్టల కోసం వేసిన గోళీలు కూడా తీసేయండి. మోడళ్ల దుమ్మును మెత్తటి, వెడల్పాటి కుంచెతో పైనుంచి కిందికి తుడవాలి. ఊదితే నోటి తడి పడుతుంది. మరో విషయం, మోడల్ కొలత రాసిపెట్టాలి. 1:72 స్కేలులో డకోటా రెక్కల నిడివి 40 సెంటీమీటర్లు ఉంటుంది, అసలు విమానానిది సుమారు 29 మీటర్లు. టైగర్‌మాత్ అదే స్కేలులో సుమారు 12 సెంటీమీటర్లే. విరిగిన ముక్కలు జిప్ కవరులో వేసి ఆ మోడల్ నంబరే రాయండి. అతికించే తొందర వద్దు.

ఇనుప బీరువా అయినా గోడకు నాలుగంగుళాలు ఎడంగా, కాళ్లకింద రాయి పెట్టి ఎత్తుగా ఉంచండి. చెదలు గోడ వెంటే ఎక్కుతాయి, మట్టి గీత కనపడాలంటే వెనక సందు ఉండాలి. కింది అరలో ఏమీ పెట్టవద్దు. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు నెల్లూరులో లోతట్టు ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. మేడ మీద గది ఉంటే అక్కడికే మార్చండి. పీవీసీ కవర్లు కాకుండా పాలీప్రొపిలీన్ కవర్లు అడిగి కొనండి. కొత్త రెక్సిన్ వాసన వస్తే అది పీవీసీ, కొన్నేళ్లకు ఫొటోకు అంటుకుపోతుంది.

ఫొటోలు తడిసిపోతే 48 గంటలే గడువు, ఆపైన బూజు. అంటుకున్నవాటిని లాగకుండా చల్లటి మంచినీళ్లలో ముంచి, విడివడ్డాక, బొమ్మవైపు పైకి ఉంచి నీడలో ఆరబెట్టండి. అన్నిటికీ సమయం చాలకపోతే కొన్ని కొన్నిగా జిప్ కవర్లలో వేసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టి తర్వాత తీసుకోవచ్చు. గాజుపలకల నెగటివ్‌లను మాత్రం ఫ్రీజర్‌లో పెట్టకూడదు.

తోటివాళ్ల నోటి మాట

రికార్డింగ్‌కు వెళ్లేటప్పుడు ప్రశ్నల జాబితా కంటే ఫొటోల నకళ్లు ముఖ్యం. పెద్దక్షరాల నంబరు వేసిన ఎనిమిది, పది ఫొటోలు ఆరంగుళాలకు తగ్గకుండా వేయించుకుని తీసుకెళ్లండి. "పదమూడో నంబరు ఫొటో" అని మీరే గట్టిగా చెప్పి, చేతికిచ్చి, ఆగాలి. "ఇది దొనకొండే కదా తాతా?" అని అడిగితే అవునంటారు. "ఇదెక్కడ?" అని అడగాలి. ఏడాది అడిగితే తట్టదు. "దివిసీమ ఉప్పెనకు ముందా తర్వాతా", "కావలి తుపానప్పటికి ఆయన నెల్లూరులోనే ఉన్నారా", "జై ఆంధ్ర గొడవలప్పుడు మీరెక్కడున్నారు" అని అడిగితే తట్టుతుంది. ఉప్పెన 1977 నవంబరు 19, కావలి తుపాను 1989 నవంబరు, జై ఆంధ్ర ఉద్యమం 1972–73.

ఫోను చాలు, కాకపోతే కాలర్‌కు పెట్టే మైకు ఉంటే మంచిది. వేవ్ ఫార్మాట్‌లో, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. ఒక మైకుతో గంటకు 520 ఎంబీ లోపు పడుతుంది. ఫ్యాను ఆపలేకపోతే మనిషిని ఫ్యాను కింద నుంచి జరపండి. ముప్పావు గంట దాటితే ఆపి, ఇంకో రోజు వెళ్లండి. ఒకే విషయాన్ని ఇద్దరు వేర్వేరుగా చెబితే ఇద్దరివీ ఉంచాలి. 2022 డిసెంబరు 29న కొరిశపాడు, రేణింగవరం మధ్య జాతీయ రహదారి మీది అత్యవసర రన్‌వేపై వైమానిక దళం విమానాలతో తొలి ట్రయల్ చేసినప్పుడు చూసినవాళ్లు ఎందరో. "దిగింది" అన్న మాటకూ, "నేల తాకకుండా రోడ్డు మీదుగా వెళ్లింది" అన్న మాటకూ చరిత్రలో చాలా తేడా. నిన్నమొన్నటిదాని సంగతే ఇలా ఉంటే, ఎనభై ఏళ్ల నాటి దొనకొండ విషయంలో ఇంకెంత జాగ్రత్త కావాలో చూడండి.

జీవిత విశేషాలు రాసేటప్పుడు

ప్రతి వాక్యం పక్కన గుర్తు పెట్టుకోండి: కాగితం ఆధారం ఉన్నది, ఆయన నోట విన్నది, ఇతరులు చెప్పింది. మూడో రకం వాక్యాలు పుస్తకంలోకి వెళ్తే "అని మిత్రులు చెబుతారు" అన్న మాటతోనే వెళ్లాలి. ప్రేమ కొద్దీ పెంచి రాయడం ఇక్కడ ఎక్కువగా జరిగే తప్పు. వైమానిక దళంలో పనిచేసిన ప్రతి ఒక్కర్నీ ఊళ్లో పైలట్ అంటారు. డిశ్చార్జి పుస్తకంలో ఆయన ట్రేడు (చేసిన పని) ఏముందో చూడండి. ఇంజన్ ఫిట్టరో, రేడియో ఆపరేటరో అయితే అలాగే రాయండి. విమానాన్ని ఎగిరేలా ఉంచిన మనిషికి అది తక్కువ గౌరవం ఏమీ కాదు. "ఫ్లయింగ్ ఆఫీసర్" అన్నది హోదా, పైలట్ అని అర్థం కాదు. లెక్కలు చూసే శాఖలోనూ, విద్యాశాఖలోనూ ఆ హోదావాళ్లుంటారు. సార్జెంట్, వారంట్ ఆఫీసర్ ఎయిర్‌మెన్‌లోని హోదాలు. పైలటా కాదా అన్నది తేల్చేది ఎగిరిన గంటలు రాసుకున్న లాగ్‌బుక్కే.

పత్రికల్లో ఆయన గురించి, సంఘం గురించి వచ్చినవి వెతకాలంటే నెల్లూరు వారపత్రిక జమీన్ రైతు పాత సంచికలు, వేటపాలెం సారస్వత నికేతనంలోని పాత పత్రికలు చూడాలి. 1918లో పెట్టిన ఆ గ్రంథాలయానికి ముందుగా మాట చెప్పి, కావలసిన సంవత్సరాలు రాసి ఇచ్చి వెళ్తే పని సులువు.

చిన్న పుస్తకం

డెమ్మీ 1/8 సైజు, 64 పేజీలు, అంటే నాలుగు ఫారాలు (ఒక్కో ఫారం 16 పేజీలు). లోపల 70 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 70 గ్రాముల) మ్యాప్‌లితో కాగితం, అట్టకు 300 జీఎస్‌ఎం ఆర్ట్ కార్డు. ఫొటోలు మ్యాప్‌లితో మీద నల్లగా మసకేస్తాయి, కాబట్టి ఎనిమిది పేజీలు 130 జీఎస్‌ఎం ఆర్ట్ పేపర్ మీద విడిగా వేయించి మధ్యలో కలపండి. డీటీపీ వాళ్లు ఎక్కువమంది అను ఫాంట్లలో కొడతారు. అలా కొట్టినది ఇంకో చోట తెరిస్తే గుర్తుపట్టలేని అక్షరాలు వస్తాయి, నెట్లో వెతికితే దొరకదు. మీరే యూనికోడ్‌లో టైపు చేసి ఇచ్చి, వాళ్లు మార్చుకున్నాక ఒత్తులు, సున్నాలు, ముఖ్యంగా విమానాల నంబర్లు అక్షరం అక్షరం చూడండి. అంకెల ప్రూఫు ఒకరు చదువుతుంటే ఇంకొకరు అసలు కాగితం చూడాలి.

ఐఎస్‌బీఎన్ (పుస్తకానికిచ్చే గుర్తింపు నంబరు) మన దేశంలో ఉచితం, రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీకి ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయాలి. తొందరగా రాకపోవచ్చు కాబట్టి ప్రెస్సుకు ఇవ్వడానికి చాలా ముందే పెట్టుకోండి. 1954 చట్టం ప్రకారం అచ్చయిన 30 రోజుల్లో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, మద్రాసు కన్నెమరా, ముంబై, ఢిల్లీ గ్రంథాలయాలకూ ప్రతులు పంపాలి. చిన్న సంఘాలు దీన్ని పట్టించుకోవు. పంపితే మాత్రం ఆ పేరు దేశంలోని పెద్ద గ్రంథాలయాల పట్టికల్లో ఉండిపోతుంది.

సభ, ప్రదర్శన

తేదీకి సంవత్సరీకం దగ్గరి ఆదివారం బాగుంటుంది, కుటుంబం ఇంటి కార్యం ముగించుకుని రాగలగాలి. అక్టోబరు 8 వైమానిక దళ దినోత్సవం, డిసెంబరు 7 అంతర్జాతీయ పౌర విమానయాన దినోత్సవం కూడా తగినవే గాని రెండూ వానల్లో పడతాయి. షామియానా నమ్ముకోకుండా నెల్లూరు పురమందిరం లాంటి పైకప్పున్న హాలు చూసుకోండి. గంటన్నర చాలు. మాట్లాడేవాళ్లు ఐదుగురు, ఒక్కొక్కరికి ఏడు నిమిషాలు. మొదట ఆయన గొంతు రికార్డు వినిపించండి. ఆయన భార్యను వేదిక మీద కూర్చోబెట్టాలా, ముందు వరసలోనా అన్నది ఆమెనే అడగండి.

ప్రదర్శనకు అసలు ఫొటోలు పెట్టవద్దు, నకళ్లే. 12 బై 18 అంగుళాల ప్రింట్లు 5 మిల్లీమీటర్ల సన్‌బోర్డు మీద అతికించి, మధ్యభాగం నేలకు 150 సెంటీమీటర్ల ఎత్తులో వచ్చేలా కట్టండి. వివరం అక్షరాలు 24 పాయింట్లకు తగ్గకూడదు, వచ్చేవాళ్లలో కళ్లద్దాలవాళ్లే ఎక్కువ. చివర ఒక బల్ల మీద ఎవరో తెలియని ఫొటోలు ఇరవై దాకా, నంబర్లతో, పక్కన పెన్సిళ్లు, కాగితపు చీటీలు. చీటీలో చెప్పినవారి పేరు, ఫోను నంబరు అడగండి. ఆ బల్ల దగ్గర సంఘం సభ్యుడు ఒకరు సభ మొదలయ్యేదాకా కదలకుండా కూర్చోవాలి, లేకపోతే "మా నాయన కదా" అంటూ ఫొటో జేబులోకి వెళ్తుంది. నకలే కాబట్టి నష్టం లేదు గాని, ఆ నాయన పేరు రాసుకోకుండా పోవడమే నష్టం. సభ అయిన వారం లోపల ఆ చీటీలన్నీ పట్టికలో ఎక్కించి, చెప్పినవాళ్లకు ఫోన్ చేసి, ఇంటికి వెళ్లే రోజు ఖాయం చేసుకోండి.